డ్యూయల్ టేబుల్ బాట్: ఒకే ముక్క రెండుసార్లు దిగుతోంది, మధ్యలో ఆట బిగుసుకుపోతోంది

#1 కోతముక్క
సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ వర్చువల్ లోకంలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడే పేకాట టేబుల్‌కి బాట్ రాస్తున్నా. బాట్ అంటే నడిచే అవతారం కాదు, టేబుల్ లోపలే ఉండే ఎల్‌ఎస్‌ఎల్ (అక్కడి స్క్రిప్టు భాష) స్క్రిప్టు. పంచడం, వంతులు చూడడం, ప్రాణాలు లెక్కపెట్టడం, గెలుపు చెప్పడం అన్నీ దాని పనే. ఒక్కొక్కరికి 40 ముక్కల కట్ట, మొదట చేతికి 5, వంతుకొకటి లాగి ఒకటి దించాలి, 20 ప్రాణాలు అయిపోయినవాళ్ళు ఓడినట్టు. ఫంక్షన్ల పేర్ల ముందు వచ్చే ఎల్‌ఎల్ వదిలేసి రాస్తా, ఏదన్నది మీకు తెలిసిపోతుంది.

ఆట నడుస్తోంది కానీ నమ్మేలా నడవడం లేదు. అప్పుడప్పుడు ఒకే ముక్క రెండుసార్లు దిగుతోంది. ఎవరైనా మధ్యలో లేచిపోతే టేబుల్ అక్కడే బిగుసుకుపోతుంది, రీసెట్ చేస్తే తప్ప కదలదు. నాలుగైదు ఆటలయ్యాక స్టాక్-హీప్ కొలిజన్ అని, అంటే మెమరీ చాలక, స్క్రిప్టు ఆగిపోతోంది. అన్నిటికంటే బాధ ఏంటంటే, బోర్లా పెట్టిన ముక్కేంటో అవతలివాళ్ళకి తెలిసిపోతోంది. ముందు ఏది పట్టుకోవాలి?

#2 ఇస్పేటు_ఆసు
బటన్లు ఏ ఛానెల్‌లో (స్క్రిప్టు చెవి పెట్టే నంబరు) వింటున్నావు? లిజన్‌లో ఐడీ, అంటే ఎవరి మాట వినాలన్నది, ఖాళీగా వదిలేశావా? బోర్లా ముక్కకి బొమ్మ ఎప్పుడు వేస్తున్నావు, పంచినప్పుడా తిప్పినప్పుడా?

#3 కోతముక్క
ఒకటే ఛానెల్, మైనస్ 7777. టేబుల్ పెట్టినప్పటి నుంచి తెరిచే ఉంటుంది. ఐడీ ఖాళీ. బొమ్మ పంచేటప్పుడే వేసేస్తున్నా. ముక్క బోర్లా ఉంటుంది కదా, కనపడదనుకున్నా.

#4 ఇస్పేటు_ఆసు
దొంగ దొరికాడు. కెమెరాని టేబుల్ కిందికి దింపితే చాలు, బోర్లా ముక్క మొహం చక్కగా కనిపిస్తుంది. మధ్యలో పలక అడ్డం పెట్టినా పూర్తి భద్రత కాదు. అవతలివాడి వ్యూయర్ (సెకండ్ లైఫ్‌ని చూపించే ప్రోగ్రాం) దాకా వెళ్ళిన సమాచారం ఏదైనా సరే, అవతలివాడికి చెప్పేసినట్టే లెక్క.

ముక్క తెరిచే క్షణం దాకా రెండు వైపులా వెనక బొమ్మే ఉండాలి. ఏ ముక్క అన్నది స్క్రిప్టు వేరియబుల్‌లో తప్ప ఎక్కడా ఉండకూడదు. ప్రిమ్ (వస్తువుని కట్టే దిమ్మ) పేర్లోనో డిస్క్రిప్షన్‌లోనో ముక్క నంబరు రాసుకునే అలవాటుంటే అదీ మానెయ్. అవి ఎవరైనా చదవొచ్చు.

చేతిలో ముక్కలు ఎలా చూపిస్తున్నావు?

#5 కోతముక్క
డైలాగ్‌లో పేర్లు చూపిస్తున్నా. డైలాగ్ ఎవరికి పంపితే వాళ్ళకే కదా కనపడేది.

#6 లూపుల_లక్ష్మి
డైలాగ్ వరకు భద్రమే. బొమ్మలు కావాలంటే హడ్ (తెర మీద తగిలించుకునే వస్తువు) చేయండి. హడ్ తగిలించుకున్నవాళ్ళకే కనిపిస్తుంది, పక్కవాళ్ళ వ్యూయర్‌కి అసలు వెళ్ళదు. టేబుల్ నుంచి హడ్‌కి రీజియన్ సే టూతో ఆటగాడి ఐడీకి పంపితే, సున్నా కాని ఛానెల్‌లో అతను తగిలించుకున్న వస్తువులు మాత్రమే వింటాయి. మామూలు సే వాడితే 20 మీటర్ల లోపు ఎవరి స్క్రిప్టైనా వింటుంది, విస్పర్ అయినా 10 మీటర్లు. రహస్యం ఎప్పుడూ వాటితో పంపకండి.

ఇక రెండుసార్లు దిగే ముక్క సంగతి. ఎల్‌ఎస్‌ఎల్‌లో ఒక స్క్రిప్టు ఒక్కసారి ఒక్క ఈవెంటే నడుపుతుంది, కాబట్టి రెండు నొక్కులు ఒకేసారి ఢీకొనడం అనేది లేదు. మీ దగ్గర జరుగుతున్నది వేరు. డైలాగ్ మూసేసినట్టు స్క్రిప్టుకి తెలియదు. "ఇగ్నోర్" నొక్కినా ఏ ఈవెంటూ రాదు. నెట్ నెమ్మదించిందనో కనపడలేదనో మీరు డైలాగ్ మళ్ళీ పంపితే, కొన్ని వ్యూయర్లలో పాతది తెర మీద అలాగే ఉండిపోతుంది. ఆటగాడు కొత్తదాంట్లో "3" నొక్కుతాడు, ముక్క దిగుతుంది. తర్వాత పాతదాంట్లో కూడా "3" నొక్కుతాడు. మీ స్క్రిప్టు రెండూ నిజమే అనుకుంటుంది.

మందు ఇలా వేయాలి. ప్రతి డైలాగ్‌కీ కొత్త ఛానెల్ తీసుకోండి, పెద్ద నెగెటివ్ సంఖ్య, యాదృచ్ఛిక సంఖ్య ఇచ్చే ఎఫ్‌రాండ్‌తో. పాత లిజన్‌ని లిజన్ రిమూవ్‌తో మూసి, కొత్తదాన్ని ఆ ఆటగాడి ఐడీతోనే తెరవండి. జవాబు రాగానే మళ్ళీ మూసేయండి. అది మాత్రమే నమ్ముకోకండి: లిజన్ ఈవెంట్ లోపల ఛానెల్ ఇప్పటిదేనా, పలికింది వంతున్నవాడేనా, ఆట దశ "దించాలి" అన్నదేనా, ఆ ముక్క నిజంగా చేతిలో ఉందా, ఈ నాలుగూ చూసి ఏ ఒక్కటి తప్పినా మౌనంగా వదిలేయండి.

ఒక స్క్రిప్టులో ఒకేసారి 65 లిజన్లే తెరవగలరు. మూయకుండా తెరుచుకుంటూ పోతే ఆ ఎర్రర్ కూడా చూస్తారు.

#7 తురుఫు7
నెగెటివ్ ఛానెల్ అంటే భద్రం అనే అపోహ చాలామందికుంది. సెకండ్ లైఫ్ సొంత వ్యూయర్ చాట్ పెట్టె నుంచి దాంట్లో మాట్లాడలేరు, అంతవరకే. పక్కన ఇంకో వస్తువు పెట్టి స్క్రిప్టుతో మైనస్ 7777లో "3" అనిపించొచ్చు. కానీ అప్పుడు పలికినవాళ్ళ ఐడీ ఆ వస్తువుది అవుతుంది, ఆటగాడిది కాదు. అందుకే ఐడీ వడపోత ముఖ్యం. లక్ష్మి గారు చెప్పిన నాలుగు పరీక్షల్లో నేనైతే ముందు అదే పెడతా.

#8 బగ్గుబాబు
డైలాగ్ పిలిచిన ప్రతిసారీ స్క్రిప్టు 1 సెకను నిద్రపోతుంది. ఇన్‌స్టంట్ మెసేజ్ అయితే 2 సెకన్లు. రెండూ రిఫరీ స్క్రిప్టులో, అంటే ఆట నడిపే ప్రధాన స్క్రిప్టులో, ఉంటే ఆట ఈడ్చుకుంటూ నడుస్తుంది. వాటిని పక్క స్క్రిప్టులో పెట్టి లింక్ మెసేజ్‌తో పని చెప్పండి. నిద్రపోయేది అది, రిఫరీ మెలకువగా ఉంటుంది.

#9 దించుబాబు
దశల గురించి ఒక మాట. ఎల్‌ఎస్‌ఎల్‌లో స్టేట్‌లు ఉన్నవి ఇందుకే కదా! పంచే స్టేట్, లాగే స్టేట్, దించే స్టేట్ అని విడివిడిగా రాస్తే తప్పుడు నొక్కులకి చోటే ఉండదు. స్టేట్ మారగానే లిజన్లన్నీ వాటంతటవే పోతాయి. నాలుగు పరీక్షలు రాసుకోనక్కర్లేదు.

#10 లూపుల_లక్ష్మి
దించుబాబు, లిజన్లు పోవడం నిజం, ఆ పోవడమే ఇక్కడ చిక్కు. స్టేట్ మారేటప్పుడు క్యూలో ఎదురుచూస్తున్న ఈవెంట్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. సరిగ్గా ఆ క్షణంలో ఆటగాడు లేచిపోతే ఆ కబురు తెచ్చే ఛేంజ్డ్ ఈవెంట్ మీకు ఎప్పటికీ రాదు. కోతముక్క గారి టేబుల్ బిగుసుకుపోవడానికి ఇదీ ఒక దారి. పైగా టైమర్ మాత్రం స్టేట్ మారినా ఆగదు, కొత్త స్టేట్‌లో కూడా కొడుతూనే ఉంటుంది. ఒకటి పోతుంది, ఒకటి ఉంటుంది, ఏది ఏదో గుర్తుపెట్టుకోవాలి.

దశని ఒక పూర్ణాంకంలో పెట్టుకుని ఒకే స్టేట్‌లో ఉండడం మేలు. 0 ఖాళీ, 1 ఇద్దరూ కూర్చున్నారు, 2 పంచుతోంది, 3 లాగాలి, 4 దించాలి, 5 జవాబు అవకాశం, 6 ముగింపు. దశ మార్చే పని ఒకే ఒక్క ఫంక్షన్ చేయాలి. కొత్త గడువు పెట్టడం, పాత లిజన్ మూయడం, కొత్త డైలాగ్ పంపడం అన్నీ అందులోనే.

#11 దించుబాబు
ఛేంజ్డ్ పోయే సంగతి ఆలోచించలేదు. స్టేట్‌లోకి రాగానే ఎంట్రీలో కుర్చీలు మళ్ళీ చూసుకుంటే సరిపోదా?

#12 లూపుల_లక్ష్మి
సరిపోతుంది, ప్రతి స్టేట్‌లోనూ మర్చిపోకుండా రాస్తే. ఏడు చోట్ల రాయడం కంటే ఒక్కచోట రాయడం నయం.

#13 ఇస్పేటు_ఆసు
లేచిపోయేవాళ్ళ గురించి. టైమర్‌ని నమ్ముకోవాలి, ఈవెంట్లని కాదు. ఒక స్క్రిప్టుకి ఒకే టైమర్ ఉంటుంది కాబట్టి దాన్ని 5 సెకన్లకోసారి కొట్టేలా పెట్టి, గడువుని విడిగా యునిక్స్ టైమ్‌లో దాచుకో. కొట్టిన ప్రతిసారీ మూడు చూడు:

కుర్చీలో ఇంకా వాడే ఉన్నాడా? అవతార్ ఆన్ లింక్ సిట్ టార్గెట్ చెప్తుంది, కుర్చీ ప్రిమ్‌కి సిట్ టార్గెట్ పెట్టి ఉంటేనే. అసలు రీజియన్‌లో ఉన్నాడా? గెట్ ఏజెంట్ సైజ్ సున్నా వెక్టర్ ఇస్తే లేడు. గడువు దాటిందా?

కుర్చీ ఖాళీ అయితే వెంటనే ఓడినట్టు ప్రకటించొద్దు. క్రాష్ అయినవాడు తిరిగి రావడానికి టైం పడుతుంది. 120 సెకన్లు ఇవ్వు, అదే ఐడీ వచ్చి కూర్చుంటే అదే చెయ్యి, అదే వంతు. వేరేవాడు కూర్చుంటే లేపెయ్.

#14 రాత్రిడ్యూటీ
వంతుకి గడువు ఎంత పెడతారు? 30 సెకన్లు చాలదా? అవతలివాడు ఆలోచిస్తూ కూర్చుంటే చిరాకు.

#15 తురుఫు7
30 చాలా తక్కువ. డైలాగ్ రావడం, చదవడం, ఒకవేళ మూసేస్తే టేబుల్ తాకి మళ్ళీ తెప్పించుకోవడం ఉంటాయి. వంతుకి 60, దానికి తోడు ఆట మొత్తానికి 180 సెకన్ల నిల్వ. 60 దాటితే నిల్వలోంచి ఖర్చవుతుంది, నిల్వ అయిపోతే బాట్ తనే వంతు దాటేస్తుంది. వరసగా 3 సార్లు దాటేస్తే ఓటమి. ఆలోచించేవాళ్ళకి అన్యాయం జరగదు, మాయమైనవాళ్ళ కోసం ఎదురుచూడక్కర్లేదు.

#16 కోతముక్క
టైమర్ పెట్టా, ఛానెళ్ళు మార్చా. బిగుసుకోవడం ఆగింది. ముక్క రెండుసార్లు దిగడం కూడా మళ్ళీ కనపడలేదు. ఇక మెమరీ. మోనో ఇంజిన్‌లోనే కంపైల్ చేశా, 64 కేబీ ఉంది. 80 ముక్కలకే ఎలా అయిపోతుంది?

#17 బగ్గుబాబు
ముక్కల్ని ఏ రూపంలో దాస్తున్నావు? లిస్ట్‌లో పేరు, టెక్స్చర్ ఐడీ, బలం, ప్రాణం అన్నీనా?

#18 కోతముక్క
అవును, ముక్కకి నాలుగు. ఆట చిట్టా కూడా ఒక లిస్ట్‌లో కలుపుతూ పోతున్నా, గొడవలొస్తే చూపించడానికి.

#19 బగ్గుబాబు
ఆ చిట్టానే నీ మెమరీని తినేస్తోంది. ఆటాటకీ పెరుగుతుంది, ఎక్కడా ఖాళీ చేయవు. దానికి తోడు లిస్ట్‌కి ఒకటి కలిపినప్పుడు పాత లిస్ట్, కొత్త లిస్ట్ రెండూ కాసేపు మెమరీలో పక్కపక్కనే ఉంటాయి. చిట్టా 20 కేబీకి చేరిందంటే కలిపే క్షణంలో 40 కావాలి.

మోనోలో స్ట్రింగ్‌లో ఒక్కో అక్షరానికి 2 బైట్లు. టెక్స్చర్ ఐడీ 36 అక్షరాలు, అంటే 72 బైట్లు, పైన ఓవర్‌హెడ్. అది 80 సార్లు ఎందుకు మోయాలి?

కట్టని ఒక స్ట్రింగ్‌గా పెట్టు. ముక్కకొక అక్షరం, 40 ముక్కలకి 40 అక్షరాలు, 80 బైట్లు. లాగడం అంటే గెట్ సబ్‌స్ట్రింగ్‌తో మొదటి అక్షరం తీసుకుని, డిలీట్ సబ్‌స్ట్రింగ్‌తో చెరిపేయడం. చెయ్యి ఒక స్ట్రింగ్, బల్ల మీదవి ఒక స్ట్రింగ్, పారేసిన కుప్ప ఒక స్ట్రింగ్. ముక్క బలాబలాల పట్టిక వేరే స్క్రిప్టులో ఒకే ఒక్కసారి ఉంటుంది, అక్షరం ఇచ్చి అడగాలి. ఒకే రకం ముక్క కట్టలో రెండుంటే రెండింటికీ వేర్వేరు అక్షరాలు ఇవ్వు, లేకపోతే ఏది దిగిందో తెలియక మళ్ళీ అదే తలనొప్పి.

#20 ఇస్పేటు_ఆసు
చిట్టాకి లింక్‌సెట్ డేటా, అంటే వస్తువుతోపాటే ఉండే నిల్వ, వాడుకో. 128 కేబీ విడిగా ఉంటుంది, స్క్రిప్టు మెమరీలోకి రాదు, స్క్రిప్టు రీసెట్ చేసినా పోదు. ఆట మొత్తం స్థితిని కూడా ప్రతి వంతు చివర అక్కడ రాసేస్తే, పొరపాటున రీసెట్ అయినా ఆట ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. కట్ట వరస లాంటి రహస్యాలు రాస్తే ప్రొటెక్టెడ్ రైట్ వాడు, పాస్‌వర్డ్ లేకుండా వేరే స్క్రిప్టు చదవలేదు.

#21 సున్నా_ఒకటి
ఇవన్నీ స్క్రిప్టులో కుక్కడం ఎందుకు? బయట ఒక చిన్న సర్వర్ పెట్టి ఆట తర్కం అంతా అక్కడ రాస్తే మెమరీ గొడవ లేదు, డేటాబేస్ ఉంటుంది, పరీక్షించుకోవచ్చు. టేబుల్ పని బొమ్మలు తిప్పడం, నొక్కులు చేరవేయడం. అంతే. పోటీలు పెట్టాలన్నా, పది టేబుళ్ళు నడపాలన్నా ఇదే దారి.

#22 బగ్గుబాబు
ఒక్క టేబుల్‌కి సర్వర్ అనవసరం. సర్వర్ పడిపోతే ఆట పడిపోతుంది. నెలనెలా దాన్ని చూసుకోవాలి కూడా.

#23 సున్నా_ఒకటి
ఒక్క టేబుల్‌కైతే ఒప్పుకుంటా. రెండో టేబుల్ పెట్టి, ఒకే చోట గెలుపోటముల పట్టిక కావాలనుకున్న రోజున తప్పదు. ఆ రోజు వచ్చినవాళ్ళ కోసం, ఇరుక్కునే చోట్లు చెప్తా.

హెచ్‌టీటీపీ రిక్వెస్ట్‌కి ఒక వస్తువుకి 20 సెకన్లలో 25 అనే పరిమితి ఉంది. జవాబు మామూలుగా 2,048 బైట్ల దగ్గర తెగిపోతుంది. మోనోలో బాడీ మ్యాక్స్‌లెంత్ పెట్టుకుంటే 16,384 దాకా వస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది 499 అనే ఎర్రర్ కోడ్ దగ్గర. సర్వర్ 60 సెకన్లలో పలకకపోతే అది వస్తుంది. కానీ పలకలేదంటే పని జరగలేదని కాదు. ముక్క దించేసి, ఆ కబురు మాత్రమే దారిలో పోయి ఉండొచ్చు. మళ్ళీ పంపితే ముక్క రెండుసార్లు దిగుతుంది. అందుకే ప్రతి ఎత్తుకీ ఒక వరస సంఖ్య ఇవ్వాలి: టేబుల్, ఆట, ఎత్తు. అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ కొత్తగా ఏమీ చేయకుండా పాత జవాబే తిరిగివ్వాలి.

ఇంకోటి. రిక్వెస్ట్ హెడర్లలో వస్తువు యజమాని ఐడీ వస్తుంది కదా అని దాన్నే గుర్తింపుగా నమ్మేస్తారు. ఆ హెడర్ ఏ కంప్యూటర్ నుంచైనా ఎవరైనా రాసి పంపొచ్చు. సర్వర్‌కీ స్క్రిప్టుకీ మాత్రమే తెలిసిన రహస్య పదంతో హెచ్‌మ్యాక్ అనే ముద్ర వేసి పంపండి. స్క్రిప్టుకి మాడిఫై అనుమతి ఇవ్వకండి, ఇస్తే రహస్య పదం చదివేస్తారు.

సర్వరే టేబుల్‌ని పిలవాలంటే రిక్వెస్ట్ యూఆర్‌ఎల్ తీసుకోవాలి. రీజియన్ రీస్టార్ట్ అయితే ఆ యూఆర్‌ఎల్ చచ్చిపోతుంది. ఛేంజ్డ్‌లో రీజియన్ స్టార్ట్ చూసి కొత్తది అడిగి సర్వర్‌కి చెప్పాలి.

#24 రాత్రిడ్యూటీ
అవతారంగా లాగిన్ అయ్యే బాట్ ఎందుకు వద్దు? లిబ్రెమెటావర్స్ లైబ్రరీతో సీ షార్ప్‌లో రాస్తే మెమరీ పరిమితి లేదు, ఎదురుగా కూర్చుని ఆడుతుంది కూడా, చూడడానికి బావుంటుంది.

#25 తురుఫు7
రిఫరీకి అవతారం దండగ, ప్రత్యర్థికైతే భేష్. మనుషులు లేనప్పుడు ఎదురుగా కూర్చుని ఆడే బాట్ కావాలంటే అదే దారి. ఆ ఖాతాని స్క్రిప్టెడ్ ఏజెంట్‌గా గుర్తు పెట్టాలి, అది నియమం. ఒక జాగ్రత్త: ప్రత్యర్థి బాట్‌కి రిఫరీ దగ్గరున్న స్థితి మొత్తం ఇవ్వకూడదు. మనిషికి ఏ కబురు వెళ్తుందో దానికీ అదే వెళ్ళాలి. రెండూ ఒకే ప్రోగ్రాంలో రాస్తే ఆ గీత చెరిగిపోతుంది, బాట్ అవతలివాడి చెయ్యి చూసి ఆడేస్తుంది, రాసినవాళ్ళకి కూడా తెలియకుండానే.

#26 నిశ్శబ్ద_శ్రోత
ముక్కలు కలపడం గురించి ఎవరూ అడగలేదు. కోతముక్క గారూ, ఎలా కలుపుతున్నారు?

#27 కోతముక్క
లూప్ పెట్టి, ఒక్కో ముక్కనీ 40లో ఏదో ఒక యాదృచ్ఛిక స్థానంతో మారుస్తున్నా.

#28 నిశ్శబ్ద_శ్రోత
అందులో లోపం ఉంది. చిన్నగా 3 ముక్కలతో చూడండి. మూడుసార్లు, ప్రతిసారీ 3 స్థానాల్లో ఒకటి: మొత్తం 27 దారులు. కానీ 3 ముక్కలకి వరసలు 6. 27ని 6తో భాగిస్తే సమంగా రాదు. మూడు వరసలకి 27లో 5 దారులు, మిగతా మూడింటికి 4 దారులు పడతాయి. ఎన్ని ఆటలాడినా ఆ తేడా సర్దుకోదు.

సరైనది ఫిషర్-యేట్స్. 1938లో ఫిషర్, యేట్స్ కాగితం మీద చేసే పద్ధతిగా ఇచ్చారు, 1964లో డర్స్టెన్‌ఫెల్డ్ కంప్యూటర్‌కి తగ్గట్టు రాశాడు. చివరి ముక్కతో మొదలుపెట్టండి. 39వ స్థానానికి 0 నుంచి 39 లోపు ఒకటి ఎంచి మార్చండి. తర్వాత 38వ స్థానానికి 0 నుంచి 38 లోపు. సర్దేసిన ముక్క జోలికి మళ్ళీ వెళ్ళొద్దు. తేడా అంతా ఆ కుదించుకుంటూ రావడంలోనే ఉంది. మారుస్తున్న ముక్క తన చోటే ఉండిపోయే అవకాశం కూడా ఉండాలి. దాన్ని తప్పించాలని 0 నుంచి 38 అని రాసేవాళ్ళున్నారు, అది ఇంకో తప్పు.

#29 దించుబాబు
లిస్ట్ రాండమైజ్ ఉంది కదా, ఒక్క లైను.

#30 నిశ్శబ్ద_శ్రోత
సరదా ఆటకి అది చాలు. ఒక్కటి చూసుకోవాలి: స్ట్రైడ్ (ఎన్నేసి ఒక గుంపుగా కదపాలో) 2 పెట్టి లిస్ట్ పొడవు బేసి అయితే అసలు కలపకుండా అలాగే తిరిగిస్తుంది, ఎర్రర్ కూడా రాదు. అందరికీ ఒకటే వరసలో ముక్కలొస్తే ముందు అది చూడండి.

పోటీ ఆటైతే మాత్రం ఆటగాళ్ళు అడిగే ప్రశ్న వేరు. బాట్ యజమాని మోసం చేయలేదని ఎలా నమ్మాలి? చేత్తో ఆడేటప్పుడు ఒకరు కలుపుతారు, ఇంకొకరు కోస్తారు. ఆ కోత ఎందుకుందో అందరికీ తెలుసు. బాట్‌కి కూడా కోత పెట్టాలి.

బాట్ ముందు పొడవైన ఒక రహస్య స్ట్రింగ్ తయారుచేసి, దాని ఎస్‌హెచ్‌ఏ256 హ్యాష్‌ని (వెనక్కి తిప్పలేని వేలిముద్ర లాంటిది) ఇద్దరికీ బహిరంగంగా చెప్తుంది. తర్వాత ఆటగాళ్ళు ఒక్కొక్కరు తమకి నచ్చిన సంఖ్య ఇస్తారు. రహస్యం, మొదటివాడి సంఖ్య, రెండోవాడి సంఖ్య, స్థానం, ఈ నాలుగూ అతికించి హ్యాష్ చేసి, మొదటి 7 హెక్స్ అంకెల్ని పూర్ణాంకంగా మార్చి, ఫిషర్-యేట్స్‌లో ఆ దశకి కావాల్సిన సంఖ్యతో భాగించి శేషం తీసుకోండి. 7 అంకెలే ఎందుకంటే అవి 28 బిట్లు. 8 తీసుకుంటే 32 బిట్ల పూర్ణాంకంలో మైనస్ వచ్చే ప్రమాదం ఉంది. ఆట అయ్యాక రహస్యం బయటపెడితే ఎవరైనా మళ్ళీ లెక్కగట్టి అదే కట్ట వచ్చిందో లేదో చూసుకోవచ్చు.

రహస్యం చిన్నదైతే లాభం లేదు. నాలుగంకెల సంఖ్యని హ్యాష్ చేస్తే 10,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. ఇది ఊరికే చెప్పడం లేదు: 1999లో ఒక ఆన్‌లైన్ పేకాట సాఫ్ట్‌వేర్‌లో ముక్కలు కలపడానికి అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లని విత్తనంగా, అంటే యాదృచ్ఛిక సంఖ్యలు మొదలయ్యే సంఖ్యగా వాడారు. రోజుకి 8,64,00,000 మాత్రమే. 52 ముక్కల వరసలు 68 అంకెల సంఖ్య. కొన్ని ముక్కలు చూసి మిగతా కట్టంతా చెప్పగలమని భద్రతా నిపుణులు చేసి చూపించారు.

#31 తురుఫు7
ఒక కన్నం మిగిలింది. బాట్ యజమానే ఆడుతుంటే రహస్యం వాడికి తెలుసు. అవతలివాడి సంఖ్య విని, తనకి మంచి చెయ్యి వచ్చేదాకా సంఖ్యలు వేసి చూసి, నచ్చింది ఇస్తాడు.

#32 నిశ్శబ్ద_శ్రోత
నిజమే, చెప్పాల్సింది. ఆటగాళ్ళు కూడా ముందు హ్యాష్‌లు చెప్పి తర్వాత సంఖ్యలు తెరవాలి. అది బరువనుకుంటే, యజమాని సంఖ్యే ముందు ఇవ్వాలన్న నియమం పెట్టండి. రెండో సంఖ్య ఇచ్చేవాడికి రహస్యం తెలియకపోతే చాలు.

#33 రాత్రిడ్యూటీ
ఇదంతా వీఆర్‌చాట్‌లో చేయొచ్చా?

#34 సున్నా_ఒకటి
ఇదే రూపంలో కుదరదు. అక్కడ మన కోడ్ నడిచే సర్వర్ లేదు, అక్కడి స్క్రిప్టింగ్ వ్యవస్థ ఉడాన్ అంతా ఆటగాళ్ళ యంత్రాల్లోనే నడుస్తుంది. సింక్ చేసిన వేరియబుల్ అందరికీ చేరుతుంది, కాబట్టి #4లో చెప్పిన లెక్కన అక్కడ రహస్యం ఉండదు. స్నేహితులు నమ్మకం మీద ఆడుకోవచ్చు. రోబ్లాక్స్‌లో మాత్రం పని తేలిక: కట్ట సర్వర్ స్క్రిప్టులో ఉంచితే ఆటగాళ్ళకి వెళ్ళదు, రిమోట్ ఈవెంట్‌లో మొదటి పరామితిగా ఆటగాడిని ఇంజినే ఇస్తుంది, దాన్ని ఎవరూ మార్చలేరు. మిగతా పరామితులు మాత్రం అబద్ధం కావచ్చు, పరీక్షించాలి. ఇక్కడి ఐడీ వడపోతకి అక్కడ అది జోడీ.

#35 కోతముక్క
కొత్త చిక్కు. బటన్ల మీద తెలుగులో పేర్లు రాస్తే ఎర్రర్. "ఆసు" బాగానే వస్తుంది, "ఇస్పేటు రాజు" అంటే ఒప్పుకోదు.

#36 లూపుల_లక్ష్మి
బటన్‌కి 24 బైట్లే. తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతానికీ, పొల్లుకీ తలా 3 బైట్లు. "ఆసు"లో ఆ, స, కొమ్ము, మొత్తం 9. "ఇస్పేటు రాజు" 34 అవుతుంది. "దించు" 15, "లాగు" 12, "పాస్" 12, ఇవి సరిపోతాయి. ముక్కల పేర్లు పైన సందేశంలో వరసగా రాసి, బటన్ల మీద 1, 2, 3 పెట్టండి. సందేశానికి కూడా 512 బైట్ల పరిమితి ఉంది, అంటే తెలుగులో అక్షరాలు, గుణింతాలు, పొల్లులు అన్నీ కలిపి దాదాపు 170. చేతిలో 5 ముక్కలకి సరిపోతుంది, ముక్క గుణాలు కూడా రాయాలంటే చాలదు.

#37 బగ్గుబాబు
బటన్లు కింది వరస ఎడమ నుంచి మొదలై పైకి పోతాయి. 1, 2, 3, 4, 5, 6 అని ఇస్తే పైన 4 5 6, కింద 1 2 3 కనపడతాయి. లిస్ట్‌ని మూడేసి చొప్పున తిరగేసి ఇవ్వండి. మొత్తం 12 బటన్లే, చేతిలో అంతకంటే ఎక్కువ ముక్కలుంటే చివర ఒకటి "ఇంకా"కి వదలాలి.

#38 దించుబాబు
ముక్కల బొమ్మలు 52కి 52 టెక్స్చర్లు పెట్టొద్దు, తిప్పగానే బూడిద రంగులో మసకగా వచ్చి తర్వాత తేలుతుంది. 1024 పిక్సెళ్ళ ఒక్క బొమ్మలో 8 అడ్డం 8 నిలువు, 64 గదులు. 52 ముక్కలు, జోకర్లు, వెనక బొమ్మ అన్నీ పడతాయి. రిపీట్ 0.125. ఎడమ నుంచి సి-వ గదికి అడ్డం ఆఫ్‌సెట్ మైనస్ 0.4375 కూడిక సి ఇంటూ 0.125, పై నుంచి ఆర్-వ గదికి నిలువు 0.4375 తీసివేత ఆర్ ఇంటూ 0.125. రెండూ సున్నా నుంచి లెక్క. అంచుల్లో పక్క ముక్క గీత తొంగిచూస్తే రిపీట్ 0.12కి తగ్గించు. సెట్ టెక్స్చర్ పిలిస్తే 0.2 సెకన్ల ఆలస్యం, సెట్ లింక్ ప్రిమిటివ్ పారామ్స్ ఫాస్ట్‌కి లేదు. పది ముక్కల్నీ ఒక్క పిలుపులో తిప్పేయొచ్చు.

#39 ఇస్పేటు_ఆసు
దించుబాబు లెక్క పేక ముక్కలకి సరిపోతుంది. కోతముక్క ముక్కల మీద రాతలున్నాయంటే 128 పిక్సెళ్ళలో చదవలేరు. 4 అడ్డం 4 నిలువు చేసి 256 ఇవ్వు, 40 ముక్కలకి మూడు బొమ్మలు. ఆ మూడింటినీ ఆట మొదలవకముందే టేబుల్ అడుగున చిన్న ప్రిమ్ మీద వేసి ఉంచితే అందరి వ్యూయర్లకీ ముందే దిగి ఉంటాయి. అందరికీ అన్ని ముక్కలూ చేరుతాయి కాబట్టి ఎవరి చేతిలో ఏముందో అన్నది బయటపడదు.

#40 రాత్రిడ్యూటీ
పందెం డబ్బా పెట్టొచ్చా టేబుల్‌కి? లిండెన్ డాలర్లతో?

#41 తురుఫు7
పెట్టకు. సెకండ్ లైఫ్‌లో 2007 నుంచి పందేలు నిషేధం. నైపుణ్యం మీద నడిచే ఆటలకి 2014లో విడిగా విధానం తెచ్చారు, దాని ప్రకారం ఆట, నడిపేవాళ్ళు, స్థలం అన్నిటికీ అనుమతి ఉండాలి. పంచిన ముక్కల మీద ఆధారపడే ఆటని నైపుణ్యం అని ఒప్పించడం కష్టం. పాయింట్ల పట్టిక చాలు.

#42 నిశ్శబ్ద_శ్రోత
పరీక్ష గురించి ఒకటి, ఎవరూ చెప్పలేదు. ప్రతి ఎత్తు తర్వాతా ఒక ఆటగాడి కట్ట, చెయ్యి, బల్ల, కుప్ప నాలుగు స్ట్రింగ్‌ల పొడవు కూడితే సరిగ్గా 40 రావాలి. రాకపోతే అక్కడే ఆట ఆపి చిట్టా పంపించు. #1లోని రెండుసార్లు దిగే ముక్కని ఇది మొదటి రోజే పట్టేసేది. ఇంకా, రహస్యం, రెండు సంఖ్యలు, ఎత్తుల వరస దాచుకుంటే ఆ ఆటని తు.చ. తప్పకుండా మళ్ళీ ఆడించి చూడొచ్చు. బగ్ వచ్చిందని ఎవరైనా అంటే వెతుక్కోనక్కర్లేదు.

#43 సున్నా_ఒకటి
ముక్కలకి ప్రభావాలుంటే, అంటే "ఇది దిగితే ఒకటి లాగు" లాంటివి, ఒక ముక్క ఇంకోదాన్ని, అది మళ్ళీ మొదటిదాన్ని రేపే జంటలు తప్పకుండా వస్తాయి. ప్రభావాల్ని వరసలో పెట్టి, చివర వచ్చింది ముందు తీర్చుతూ, ఒక వంతులో 50 దాటితే ఆపేసేలా గట్టు కట్టు. ప్రతి ముక్కకీ విడిగా కోడ్ రాయకుండా పట్టికలో ఎప్పుడు, ఎవరి మీద, ఏ పని, ఎంత అని నాలుగు గడులు పెట్టుకుంటే కొత్త ముక్క కలపడం ఒక లైను పని.

#44 కోతముక్క
40 లెక్క పెట్టగానే ఒకటి దొరికింది. చేతిలో ముక్కని పారేసే దారిలో చెయ్యి లోంచి తీస్తున్నా కానీ కుప్పకి కలపడం లేదు, కట్ట అయిపోయి కుప్పని మళ్ళీ కలిపినప్పుడు 37కే తేలింది. సరిచేశా. స్ట్రింగ్‌లకి మార్చాక ఫ్రీ మెమరీ ఆట మొదట్లోనూ చివర్లోనూ దాదాపు ఒకటే చూపిస్తోంది. బొమ్మలు తెరిచేటప్పుడే వేస్తున్నా. కోత రేపు పెడతా. రెండు సంఖ్యలూ టెక్స్ట్ బాక్స్‌తో అడిగితే చాలా, హడ్‌లోనే చేయాలా?

#45 నిశ్శబ్ద_శ్రోత
టెక్స్ట్ బాక్స్ చాలు, అదీ డైలాగ్ లాగే కొత్త ఛానెల్, ఐడీ వడపోతతో. ఖాళీగా పంపినా ఒప్పుకో, ఏమీ రాయకుండా సబ్‌మిట్ నొక్కేవాళ్ళే ఎక్కువ. వచ్చింది ఏదైనా మార్చకుండా, చుట్టూ ఖాళీలు కత్తిరించకుండా అలాగే హ్యాష్‌లో వేసి, అలాగే చిట్టాలో రాయి. ఒక్క స్పేస్ తేడా వచ్చినా తర్వాత లెక్కగట్టేవాడికి వేరే కట్ట వస్తుంది.